పనిదొంగ గుండె

అరకు,
మంగళవారం మధ్యాహ్నం.

అప్పకు నీ చెల్లెలు వరలక్ష్మి నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ మీ మరిదీ బాగున్నాం. ఉత్తరమన్నాక రాయాలి కాబట్టి రాసిన ముక్క కాదిది, నిజంగానే బాగున్నాం. నువ్వు నమ్మవని తెలుసు, అందుకే కిందికి వెళ్ళాక ఇంకోసారి రాస్తాను. నీ ఒంట్లో ఎలా ఉంది? బీపీ మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా? చంటిది పాలు సరిగ్గా తాగుతోందా? అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మినుము నూర్పు అయ్యాక బావగారు కాస్తయినా నడుం వాల్చారా, లేక మళ్ళీ ఏదో పని తెచ్చిపెట్టుకున్నారా?

గురువారం నాడు వీడియో కాల్‌లో చంటిదాన్ని చూపిస్తూ, "ఇటు సూడే గుంటా, పిన్ని సూడు" అంటున్నావు. దాన్ని ముద్దు పెట్టుకుందామని నేను ఫోన్ మీదికి వంగాను. పైట జారింది. నీ ముఖంలో నవ్వు ఆగిపోవడం నాకు కనిపించింది. "ఏటే అది? గుండెల మీద ఆ గాటేటి?" అన్నావు. నేను నోరు తెరిచేలోపు ఫోన్ ఆగిపోయింది. సిగ్నల్ పోయిందో, నువ్వే పెట్టేశావో తెలియదు. అప్పటి నుంచి నువ్వు నా ఫోన్ ఎత్తలేదు. బావగారు ఒక్కసారి ఎత్తి, "మీ యప్ప మాటాడదంట. నాను సెప్పి సూసినాను, ఇన్నేదు" అని పెట్టేశారు.

అందుకే కాగితం తీశాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నిన్ను చూసి నేను ఏడుస్తాను, అసలు సంగతి సగంలో ఉండిపోతుంది. చంటిదాన్ని పడుకోబెట్టి, ఒకచోట కూర్చుని, చివరిదాకా చదువు. చివర ఏడుపు లేదు. ముందే చెబుతున్నాను.

ఆ గాటు ఆపరేషన్‌ది. గుండెకి చేశారు. అప్పుడు నువ్వు నెలలు నిండి ఉన్నావు, బీపీ ఎక్కువగా ఉంది, మనసుకి కష్టం కలిగే మాటేదీ చెవిన పడకూడదని నీ డాక్టరు చెప్పిందని బావగారు అన్నారు. అమ్మకి చెబితే నీకు చెప్పినట్టే. అందుకని "విశాఖపట్నంలో చిన్న చికిత్స, రెండు రోజుల్లో వచ్చేస్తాం" అని అబద్ధమాడాం. ఆ అబద్ధం నాది, మీ మరిదిది కాదు. ఆయన్ని తిట్టకు.

మొదటి నుంచీ చెబుతాను.

మేం కొండెక్కి వచ్చి ఈ శ్రావణానికి రెండేళ్ళవుతుంది. మీ మరిది మేనమామ గిన్నెల కొట్టు అప్పగించినప్పుడు, చల్లటి ఊరు, మంచి బేరం అనుకుంటూ వచ్చాం. చలి నిజమే, బేరమూ నిజమే. కానీ మొదటి వానాకాలం ఎంత ఏడ్చానో నీకు చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికే మంచు దిగి ఎదురు కొట్టు కనిపించేది కాదు. ఉతికిన బట్టలు వారమైనా ఆరేవి కాదు. సంతకి వచ్చినవాళ్ళు ఒడియా కలిసిన తెలుగులో చెంబు అడిగితే నేను తపేలా తీసేదాన్ని, వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడు నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం కొట్టు వెనక గిన్నెల మధ్య కూర్చుని ముక్కు చీదేదాన్ని.

కొట్టు రోడ్డు మీద. మా ఇల్లు, సరుకు గదీ వెనకాల గుట్ట మీద. మధ్యలో రాతిమెట్లు. మన ఊళ్ళో నేలంతా చదును, ఆయాసం వచ్చేలోపే ఏ గట్టు మీదో అరుగు మీదో కూలబడేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు, నాకే రాలేదు. ఎప్పుడు ఆస్పత్రికి వెళ్ళినా "రక్తం తక్కువ" అని టానిక్ ఇచ్చేవారు, నీకు గుర్తుందిగా. ఇక్కడ అలా కూలబడితే ఇల్లు చేరడం ఉండదు. కొండ దాచనివ్వలేదు.

సుకురమ్మ అని ఒకావిడ ఉంది. మా కొట్టుకి నాలుగు కిలోమీటర్ల పైన కొండ ఊరు. శుక్రవారం సంతకి అల్లం, పసుపు, కొండచీపుర్లు తెస్తుంది. వచ్చిన ప్రతిసారీ మా అరుగు మీద సంచీ దించి, నా చేత మంచినీళ్ళు తాగి, నా మాటకి వంకలు పెట్టి పోతుంది. అమ్మకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. పోయిన వానాకాలంలో ఒక సంతనాడు నేను అల్యూమినియం డేకిసాలు నాలుగు పైనుంచి దించి, ఇంకో నాలుగింటి కోసం మళ్ళీ ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. కళ్ళ ముందు మెరుపులు. సుకురమ్మ గబగబా ఎక్కి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు.

"ఏటమ్మా ఇది? నీ గుండె డప్పునాగ కొట్టుకుంటంది. నా మనవరాలు కొండ దిగి పరిగెట్టొచ్చినా ఇలగ కొట్టుకోదు."

"కొంచెం సేపు కూర్చుంటే అదే తగ్గిపోతుందిలే" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి కూకుంటన్నావు? బేరం ఒగ్గేయ్. లే, ఆస్పత్రికి పద, బేగి!"

ఆవిడ అల్లం ఆ రోజు అమ్ముడుపోలేదు. సంచీ మా కొట్లో పడేసి నన్ను నడిపించుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చాలాసేపు నా గుండె విని, "చిన్నప్పటి నుంచీ ఎవరూ వినలేదా?" అని అడిగింది. ఎవరికీ వినాలనిపించలేదు అన్నాను. ఆవిడ కాగితం రాసి విశాఖపట్నం వెళ్ళమంది. మేం వెళ్ళేసరికి చలికాలం వచ్చేసింది.

అక్కడ గుండెకి ఎకో తీశారు, తర్వాత స్కాన్ తీశారు. రెండూ చూశాక ఒక చిన్న డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. మొదట ఇంగ్లీషు కలిపి ఏదో మొదలుపెట్టింది. నేను "అదేటండీ, నాకు తెల్దు" అనగానే ఆగిపోయింది.

"ఏ ఊరు మీది?"

"పాలకొండ పక్కనండీ."

"అయితే మనోళ్ళే! మాది బొబ్బిలి దగ్గర. ఇలగ దగ్గరికి జరుగు. బొమ్మేసి సెప్తాను."

ఆవిడ చెప్పింది నీకు నాకు అర్థమైనట్టు రాస్తాను. అందరికీ ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం నాలుగు నరాల్లో గుండె ఎడమవైపుకి వస్తుందట, అక్కడి నుంచి ఒళ్ళంతా వెళుతుందట. నాకు కుడి ఊపిరితిత్తి పైభాగం నుంచి వచ్చే నరం అమ్మ కడుపులోనే దారి తప్పింది. ఎడమకి రావలసింది కాస్తా, తల నుంచీ చేతుల నుంచీ చెడు రక్తం దించే పెద్ద నరంలో కలిసిపోయింది. దానికి తోడు గుండెలో పైగదుల మధ్య గోడకి ఒక కన్నం. శుభ్రపడిన రక్తంలో చాలా భాగం ఒంటికి చేరకుండా మళ్ళీ ఊపిరితిత్తులకే తిరుగుతోంది. తిప్పీ తిప్పీ గుండె కుడివైపు పెద్దదైపోయింది.

"ఇంకో పదేళ్ళు ఒగ్గేస్తే ఊపిరితిత్తులు కూడా పాడైపోతాయి. ఇప్పుడు సేసుకుంటే అందరిలాగే ఉంటావు" అంది.

మీ మరిది నా చెయ్యి పట్టుకున్నారు. అంతమందిలో పట్టుకోవడం అదే మొదటిసారి.

అప్పుడావిడ ఇంకో కాగితం తీసి రెండు బొమ్మలు గీసింది. ఆపరేషన్‌కి రెండు పద్ధతులట. ఒకటి మాసిక వేసేది. పెద్ద నరాన్ని పక్కగా కోసి తెరుస్తారు. గుండెని చుట్టి ఉండే పల్చటి పొరలోంచి ముక్క తీసి లోపల మాసిక వేస్తారు. దారి తప్పిన నరం నుంచి వచ్చే రక్తం ఆ మాసిక వెనకగా దిగి, గోడ కన్నంలోంచి ఎడమకి పోతుంది. మాసిక వల్ల పెద్ద నరం ఇరుకైపోకుండా బయట ఇంకో మాసిక వేసి వెడల్పు చేస్తారు.

రెండోది కోసి అతికేది. దారి తప్పిన నరం కలిసే చోటికి పైన, పెద్ద నరాన్ని అడ్డంగా తెంపేస్తారు. కిందిభాగం మూతి కుట్టేస్తారు. ఇక అందులోకి వచ్చేది ఆ తప్పు నరం రక్తం ఒక్కటే, దాన్ని కన్నంలోంచి ఎడమకి పంపేలా లోపల మాసిక వేస్తారు. తెగిన పైభాగాన్ని దించి, గుండె కుడి గదికి చెవిలా వేలాడే చోటు ఒకటి ఉందట, దానికి అతుకుతారు.

"ఏది మంచిదండీ?" అని అడిగాను.

"రెండూ మంచివే. రెండింటికీ బెంగ ఉంది. గుండె కొట్టుకోడం ఎక్కడ మొదలవుతాదో ఆ చోటు ఇదిగో, ఇక్కడ. మొదటి పద్ధతిలో కోత దాని పక్క నుంచి పోతాది. దానికి దెబ్బ తగిలితే గుండె నెమ్మదిస్తాది, చర్మం కింద బ్యాటరీ పెట్టాలి. రెండోదాన్లో ఆ చోటు జోలికి పోం. కానీ అతికిన చోట పోనుపోనూ ఇరుకైపోవచ్చు. అలగయితే ముఖం, చేతులు ఉబ్బుతాయి, మళ్ళీ బెలూను పెట్టి వెడల్పు సెయ్యాలి."

ఇంతలో పెద్ద సర్జన్ గారు వచ్చారు. అరవై దాటి ఉంటాయి. బొమ్మలు చూసి, "ఏం, నా పేషెంటుని నీ పద్ధతికి లాగేస్తున్నావా?" అని నవ్వారు. ఆయన ఏళ్ళ తరబడి మాసిక పద్ధతే చేస్తున్నారట. నా నరం పెద్దగా పైకి లేదు, మాసిక సరిపోతుంది అన్నారు. చిన్న డాక్టరమ్మ స్కాన్ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇక్కడ పైన ఇంకేదో నీడలా ఉంది సార్" అంది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "అది నీడే" అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. "నీడ కాకపోతే మాసిక అంత పైకి అందదు కదా సార్. అప్పుడు కోసి అతకడమే మంచిది" అంది. నా గుండె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. అప్పా, నాకు భయం వెయ్యలేదంటే నమ్ముతావా? నా ఆయాసం గురించి అంతమంది అంతసేపు మాట్లాడుకోవడం నేను పుట్టాక అదే మొదలు.

చివరికి ఆయన నా వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా?"

"నేను చదువుకున్నది ఇంటరండీ. లోపల ఏముందో మీరు కూడా ఇంకా చూడలేదు కదా. తెరిచాక నీడైతే మీ పద్ధతి చెయ్యండి, నరమైతే డాక్టరమ్మ పద్ధతి చెయ్యండి. రెండింటికీ సంతకం పెట్టేస్తాను."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, ఆవిడకేసి తిరిగి, "విన్నావా? క్లాసులో నేను చెప్పేది కూడా ఇదే" అన్నారు.

ఆ రెండు బొమ్మల కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఆపరేషన్ దాకా ఉన్న వారంలో మీ మరిదికి మూడుసార్లు పాఠం చెప్పాను. నాకు మత్తు ఇచ్చాక ఆయన్ని ఏదైనా అడిగితే తెల్లముఖం వెయ్యకూడదు కదా.

ఆపరేషన్ రోజు నా సంగతి నాకేం తెలియదు. ఇది మీ మరిదీ సుకురమ్మా చెప్పింది. అవును, సుకురమ్మ వచ్చింది. అంబలికి చోడిపిండి, అదే రాగిపిండి, మూట కట్టుకుని, ముందురోజు కిరండోల్ రైలెక్కి దిగిపోయింది. "ఈ మొగోడు ఒక్కడూ కూకుంటే బెంగెట్టుకుంటాడు" అందట. ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు. నన్ను లోపలికి తీసుకెళ్ళిన రెండు గంటలకి చిన్న డాక్టరమ్మ ముఖానికున్న గుడ్డ కిందికి లాగుకుంటూ బయటికి వచ్చింది. మీ మరిది లేచి ఎదురెళ్ళారట.

"కంగారు పడకండి, బాగానే ఉంది. స్కాన్‌లో నరం ఒకటే కనబడినాది. తెరిస్తే దానికి పైన, బొటనవేలంత ఎడంలో ఇంకో సన్న నరం ఉంది. మాసిక అంత పైకి లాగితే..."

మీ మరిది జేబులోంచి కాగితం తీసి, రెండో బొమ్మ మీద వేలు పెట్టి చూపించారు. ఆవిడ ఆ కాగితాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"మీకెలా తెలుసు?"

"మా ఆవిడ సెప్పినాదండి. నరమయితే ఇదే సెయ్యమంది. సార్ ఏమంటన్నారు?"

"సార్ నరం చూసి నవ్వేసినారు. 'నీ నీడకి పేరు పెట్టు' అన్నారు నాతోటి. ఆయనే అతుకుతారు, నేను పక్కనుంటాను" అని మళ్ళీ లోపలికి పోయింది.

అది చెప్పేటప్పుడు మీ మరిది ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారు. సుకురమ్మ మాత్రం, "అంత పెద్ద డాక్టరు సిన్నదాని మాట ఇన్నాడు. అప్పుడే అనుకున్నాను, గుంట బతికీసినాది అని" అంటుంది.

గుండెని ఆపి, పని అంతా మిషనుకి అప్పజెప్పి, కోసి, అతికి, మళ్ళీ మొదలుపెట్టారట. తనంతట తనే సరిగ్గా కొట్టుకోవడం మొదలుపెట్టిందట. బ్యాటరీ అక్కర్లేదు. నాకు తెలివొచ్చేసరికి గొంతులో గొట్టం, కోసిన రొమ్ము ఎముక మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టు బరువు, చచ్చేంత దాహం. నొప్పి లేదని అబద్ధం చెప్పను. దగ్గితే ప్రాణం పోయేది. దిండు గుండెకి అదుముకుని దగ్గమనేవారు.

నాలుగో రోజు పొద్దున్న ఒక భయం పట్టుకుంది. నర్సమ్మ దగ్గర అద్దం అడిగి చూసుకుంటే నా ముఖం బూరెలా ఉంది. అతికిన చోట ఇరుకైతే ముఖం ఉబ్బుతుందని చెప్పారు కదా! నీ పేరే తలుచుకున్నాను. చెప్పకుండా వచ్చేశాను, చెప్పకుండానే పోతానేమో అనుకున్నాను. నా గోల విని డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి, అప్పటికప్పుడు ఎకో తీయించింది. అతుకులోంచి రక్తం ఇరుకు లేకుండా దిగుతోంది. పెద్ద సర్జన్ గారు వచ్చి తెర చూసి, నా ముఖం చూసి, "ఇది మా కుట్టు తప్పు కాదమ్మా. పది గంటలు బోర్లా నిద్రపోయినట్టున్న ముఖం. ఆపరేషన్‌కి ఒంట్లో చేరిన నీరు, రెండు రోజుల్లో దిగిపోతుంది" అన్నారు. దిగిపోయింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మని అడిగాను. "ఇది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే కదండీ. అంటే చిన్నప్పుడు కూడా నాకు ఆయాసం దీనివల్లే వచ్చేదా?"

"మరి? నీ గుండె కుడిపక్క రోజూ ఇద్దరి పని సేసేది. నువ్వు కూకున్నప్పుడు కూడా అది పరిగెడతానే ఉండేది."

"మా ఊళ్ళో అందరూ నన్ను పనిదొంగ అనేవారండీ."

చెప్పగానే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. నవ్వితే ఎముక నొప్పి, ఏడిస్తే ఎముక నొప్పి. ఆవిడ దిండు తెచ్చి నా గుండెకి అదిమి పట్టుకుని, తనూ నవ్వింది. "అలగయితే ఒక చీటీ రాసిచ్చేయండి డాక్టరమ్మా, నాను పనిదొంగని కాదని" అన్నాను. నిజంగానే రాసిచ్చింది! మన బొమ్మల కాగితం వెనక, "ఈమె పనిదొంగ కాదు. గుండె పరీక్షించి ధ్రువీకరించడమైనది" అని రాసి, కింద సంతకం పెట్టింది. దాని జెరాక్సు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అమ్మకి గట్టిగా చదివి వినిపించు. ఊడుపుల్లో నా పేరెత్తి నవ్వే మన వీధివాళ్ళకి కూడా వినిపించు. అసలు కాగితం నా దగ్గరే ఉంచుకుంటాను, ఎవరికీ ఇవ్వను.

ఇప్పుడు నువ్వు దేని గురించి ఏడుస్తున్నావో నాకు తెలుసు. గోగుకట్టల రోజు గురించి. చెరువులో నానేసిన గోగుకట్టలు మోసుకొస్తూ నేను దారి మధ్యలో కూర్చుండిపోయాను. నీకు పద్నాలుగు, నాకు పదకొండు. "లెగూ, నాటకాలాడకు" అని నా చెంప మీద ఒక్కటిచ్చావు. అది నువ్వు మరిచిపోలేదు, నా పెళ్ళినాడు కూడా తలుచుకున్నావు. కానీ అప్పా, కొట్టాక ఏం చేశావో కూడా గుర్తు తెచ్చుకో. నా కట్ట కూడా నీ తలమీదికెత్తుకున్నావు. నీళ్ళు కారుతున్న రెండు కట్టలు. ఇంటికెళ్ళాక అమ్మతో చెప్పలేదు. ఊడుపుల్లో నీ వరస అయిపోగానే నా వరసలోకి వచ్చి నాటేసేదానివి, గట్టు మీద కూర్చున్న నన్ను చూసి ఎవరైనా ఏదైనా అంటే "దానికి ఒంట్లో బానేదు" అని అరిచేదానివి. నాకు ఒంట్లో బాగోలేదని డాక్టర్లకన్నా ముందు చెప్పింది నువ్వే. నిజమని నీకూ తెలియదు, అంతే తేడా. ఆ చెంపదెబ్బ ఇక వదిలెయ్యి. నేను ఏనాడో వదిలేశాను.

నీకు చెప్పకపోవడం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ నువ్వు ఫోన్ చేస్తే, కొట్లో బేరం ఉంది, తర్వాత చేస్తాను అనేదాన్ని. చంటిది పుట్టిందని బావగారు చేసినప్పుడు నేను ఇంకా మంచం మీదే ఉన్నాను. వార్డంతా వినపడేలా "గుంట పుట్టినాది" అని అరిచి, దిండు అదుముకుని దగ్గాను. కోపం ఉంటే ఉంచుకో, నాలుగు రోజులు కాదు, నెల ఉంచుకో. కానీ ఫోన్ ఎత్తి తిట్టు. తిట్లు విన్నా నాకు ఆయాసం రాదిప్పుడు.

నేను బాగున్నాను. ఇది రెండోసారి. మూడు నెలల పరీక్షకి వెళితే అతుకు వెడల్పుగా ఉంది, గుండె కుడివైపు వాపు తగ్గడం మొదలైంది అన్నారు. నడవచ్చు, ఎక్కచ్చు, బరువులు మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. కొట్లో ఇప్పుడు బేరం బాగుంది. సెలవులకి వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని పోతారే గాని గిన్నెలు కొనరు, మన బేరమంతా సంతవాళ్ళతోనే. కాఫీ తోటలు పూశాయి. కొండ మీద మల్లెలు ఆరబోసినట్టు తెల్లగా, పొద్దున్న తలుపు తీస్తే వాసన లోపలికి వచ్చేస్తుంది. వచ్చే ఏడు ఈ రోజుల్లో చంటిదాన్ని ఎత్తుకుని నువ్వు రావాలి. దానికి పేరు ఏం పెడుతున్నారో రాయి. అమ్మ కొత్తావకాయ పడితే ఒక చిన్న జాడీ పంపించు. ఉప్పు తగ్గించమన్నారు డాక్టర్లు, కాబట్టి చిన్న జాడీయే. మీ మరిదికి వేరే జాడీ పంపించు, లేకపోతే నాది తినేస్తారు.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. అసలు ఇది చెప్పాలనే పొద్దుటి నుంచీ చెయ్యి లాగుతోంది.

మొన్న ఆదివారం సుకురమ్మ వాళ్ళ ఊళ్ళో చైత్రం పండగ. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. సుకురమ్మ వచ్చి, "మీ యప్ప కోపం ఆదోరం తరవాత కూడా ఉంటది. పండగ ఉండదు. లెగు" అంది. కాఫీ తోటల్లోంచి నాలుగు కిలోమీటర్లు పైకి నడిచాం. మీ మరిది రెండుసార్లు ఆగి చెట్టుకానుకున్నారు. నేను ఆగలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చేతులు వెనక నుంచి అల్లుకుని దింసా ఆడుతున్నారు. నన్ను లాగి వరసలో పెట్టారు. అడుగు తెలియదు నాకు, పక్కావిడ కాలు తొక్కేశాను, అందరూ నవ్వారు. తర్వాత అడుగు అందింది. వరస తిరుగుతూనే ఉంది, నేనూ తిరుగుతూనే ఉన్నాను. మీ మరిది ఎదురుగా నిలబడి నా ముఖమే చూస్తున్నారు, ఎక్కడ కూలబడతానో అని. వాద్యాలవాళ్ళు ఆపేదాకా నేను ఆపలేదు.

నిన్న పొద్దున్న లేవబోతే "అబ్బా" అని మళ్ళీ మంచం మీద పడ్డాను. మీ మరిది స్నానాల గదిలోంచి తడి ఒంటితో పరిగెత్తుకొచ్చారు.

"ఏటైనాది? గుండెలోనా?"

"కాదండీ" అన్నాను, నవ్వు ఆపుకోలేక. "పిక్కలు. పిక్కలు పట్టీసినాయి."

అప్పా, నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో కాళ్ళు నొప్పెట్టేదాకా నేనెప్పుడూ వెళ్ళనే లేదు. అంతకన్నా ముందే ఆయాసం నన్ను ఆపేసేది. పొలం నుంచి వచ్చి మీరంతా కాళ్ళు చాపుకుని "అమ్మా, పీకేస్తన్నాయి" అంటుంటే, అదెలా ఉంటుందో నాకు తెలిసేది కాదు, పక్కన ఊరికే కూర్చునేదాన్ని. ఇప్పుడు తెలిసింది. మెట్టుకో మూలుగు మూలుగుతూ కొట్లోకి దిగి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎంత బాగుందో చెప్పలేను.

అమ్మ మోకాళ్ళకి నేను దండం పెట్టానని చెప్పు, పాదాలకి వచ్చినప్పుడు స్వయంగా పెడతాను. బావగారికి నమస్కారాలు. చంటిదాని రెండు అరికాళ్ళకీ నా ముద్దులు. నువ్వు నా తలమీద చెయ్యి పెట్టి చల్లగా ఉండమని ఒక్కసారి అనుకో, ఇక్కడికి అందుతుంది.

ఇట్లు,
పిక్కలు పట్టేసిన నీ చెల్లెలు,
వరం